సింకు కింద ఎర్ర బటన్

2007 అక్టోబరులో లాస్ ఏంజెలిస్‌లో దిగేనాటికి నాకు జావా వచ్చు, డేటాబేస్ వచ్చు. అపార్ట్‌మెంట్ కింద ఉన్న వాషింగ్ మెషీన్‌లో నాణేలు ఎలా వేయాలో మాత్రం తెలీదు. తెనాలిలో ఇలాంటివి అడగడానికి పక్కింటి బాబాయి ఉండేవాడు. ఇక్కడ పక్కింటి తలుపు ఎప్పుడూ మూసే ఉండేది.

వచ్చిన మూడో వారంలో ఇండియన్ షాపు నుంచి ఫ్రోజన్ మునక్కాడలు తెచ్చి పులుసు పెట్టుకున్నాం. తిన్నాక పిప్పి ఎవరో సింకులో వేసేశారు. సింకు కింద చెత్తను నూరే మోటారు ఉంటుంది, గార్బేజ్ డిస్పోజల్ అంటారు. స్విచ్చు వేస్తే ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. మునక్కాడ పీచు లోపల తిరిగే చక్రానికి చుట్టుకుంది. మా రూమ్మేట్ కరీంనగర్ వాడు. "మేనేజర్‌కు చెప్తే డిపాజిట్‌ల కోస్తరు అన్నా, ఏమన్న చేద్దాం" అన్నాడు. మొదటి జీతం ఇంకా రాలేదు. ఆ డిపాజిట్ మాకు చాలా పెద్ద డబ్బు.

రాత్రి పదకొండింటికి నెట్‌లో వెతికితే, ఏ పని ఎలా చేయాలో చెప్పే వికీహౌ అనే సైటులో పేజీ ఒకటి దొరికింది. ముందు స్విచ్చు ఆపు. బ్రేకర్ కూడా ఆపు. చెయ్యి లోపల పెట్టకు. మోటారు అడుగున మధ్యలో చిన్న రంధ్రం ఉంటుంది, అందులో అలెన్ కీ (ఆరు పలకల వంపు కడ్డీ) పెట్టి అటూ ఇటూ తిప్పు. అడుగునే ఎర్ర బటన్ ఉంటుంది, అది నొక్కు. ఒక వైపు తిరగకపోతే బలవంతం చేయకుండా రెండో వైపు తిప్పి చూడమని ఎవరో చివర్లో ఒక మాట చేర్చారు. మాకు పనికొచ్చింది ఆ మాటే. రెండో వైపు తిప్పగానే కీ కదిలింది. ఆ వాక్యం రాసిన మనిషి ఎప్పుడో మాలాగే సింకు కింద పడుకుని చెమటలు పట్టించుకుని ఉంటాడని నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. చేసినవాడికి తప్ప ఆ సంగతి తట్టదు.

తర్వాత టై కట్టుకోవడం, చెక్కు రాయడం, కారుకు జంపర్ కేబుల్ పెట్టడం, అన్నీ అలాంటి పేజీలు చూసే నేర్చుకున్నాను. వాటి వెనక ఉన్న కంపెనీల కథ మీద ఆసక్తి పుట్టడానికి కారణం అదే. 2009లో నేను చేరిన ఉద్యోగం కూడా అదే వ్యాపారంలో కావడంతో ఆ కథ నా కడుపుకూటి సంగతి కూడా అయింది.

పనులు ఎలా చేయాలో చెప్పే ఈ సైట్లకు పెద్దన్న ఈహౌ. 1999లో శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలైంది. డాట్‌కామ్ బుడగ పేలి ఇంటర్నెట్ కంపెనీల షేర్లు కూలినప్పుడు చాలా కంపెనీలతో పాటే అదీ దివాలా తీసింది. 2004లో జాక్ హెరిక్, జాష్ హానా అనే ఇద్దరు దాన్ని కొనుక్కున్నారు. సైటుకు మళ్ళీ ప్రాణం వచ్చింది, ప్రకటనల డబ్బు కూడా వచ్చింది. కానీ జీతమిచ్చి రాయిస్తే ప్రపంచంలోని పనులన్నిటికీ మంచి వివరణలు ఎప్పటికీ రాయించలేమని హెరిక్‌కు అనిపించింది. అప్పటికే వికీపీడియా కళ్ళ ముందు పెరుగుతోంది. 2005 జనవరి 15న, మనకు సంక్రాంతి రోజుల్లో, ఈహౌకు అనుబంధంగా ఎవరైనా రాయగల, ఎవరైనా దిద్దగల వికీహౌ తెరిచారు.

2006లో ఈహౌను డిమాండ్ మీడియాకు అమ్మేశారు. రిచర్డ్ రోసెన్‌బ్లాట్, షాన్ కోలో కలిసి అదే ఏడు పెట్టిన కంపెనీ అది, ఆఫీసు శాంటా మోనికాలో. హెరిక్ వికీహౌను మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు. పెట్టుబడిదారుల డబ్బు తీసుకోలేదు. రాసిన వ్యాసాలను, ఇతరులు ఉచితంగా పంచుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద అందరికీ వదిలాడు. డబ్బు వచ్చేదాన్ని అమ్ముకుని, వస్తుందో రాదో తెలియనిదాన్ని ఉంచుకోవడానికి ధైర్యం కావాలి. నాకు ఆయన మీద ఉన్న గౌరవం అంతా ఆ ఒక్క నిర్ణయం వల్లే.

డిమాండ్ మీడియా పద్ధతి వేరు. జనం ఏమేం వెతుకుతున్నారు, ఆ మాటల పక్కన ప్రకటనకు ఎంత రేటు పలుకుతోంది, అదే విషయం మీద ఇప్పటికే ఎన్ని పేజీలున్నాయి అన్నది ప్రోగ్రాం లెక్క కట్టేది. లాభం వచ్చేట్టుంటే శీర్షిక తయారయ్యేది. వేల శీర్షికల జాబితా నుంచి రచయితలు తమకు నచ్చినవి ఎంచుకునేవారు. ఒక వ్యాసానికి 15 డాలర్ల వరకు ఇచ్చేవారు. 2009లో ఒక పత్రిక రాసిన ప్రకారం వాళ్ళు రోజుకు 4,000 వ్యాసాలూ వీడియోలూ తయారు చేసేవారు. మాంద్యం రోజులవి. పత్రికల్లో ఉద్యోగాలు పోయినవాళ్ళు ఎంతోమంది ఆ 15 డాలర్ల మీద ఇంటద్దెలు కట్టారు. వాళ్ళను తప్పు పట్టే హక్కు నాకు లేదు.

నేను చేరింది శాంటా మోనికాకు దగ్గర్లో ఉన్న చిన్న కంపెనీలో. పేరు చెప్పను. వాళ్ళదీ ఇదే పద్ధతి, ఇంకా తక్కువ రేట్లు. శీర్షికలు పుట్టించే కోడ్‌లో ఒక ముక్క నాది. రోజూ పొద్దున బస్సులో సముద్రం వైపు వెళ్తూ, నిన్న మా ప్రోగ్రాం ఎన్ని కొత్త శీర్షికలు తీసిందో ఫోన్లో చూసుకుని సంతోషపడేవాణ్ణి. అది నిజమైన సంతోషమే.

ఒకరోజు టెస్టింగ్ కోసం పేజీలు తెరుస్తుంటే మా సైటులోనే 'సింకు మోటారు ఇరుక్కుంటే ఏం చేయాలి' అన్న వ్యాసం కనబడింది. ఇరుక్కున్న ముక్కలను చేత్తో తీయమని ఉంది. స్విచ్చు ఆపమని ఎక్కడా లేదు. రెండుసార్లు చదివాను, లేదు. ఒళ్ళు జలదరించింది. ఊరు నుంచి కొత్తగా వచ్చిన ఏ కుర్రాడో రాత్రి పదకొండింటికి ఈ పేజీ తెరిస్తే?

మా మేనేజర్ దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. ఆ ఒక్క వ్యాసం దిద్దించాడు. మిగతావి కూడా తెలిసినవాళ్ళ చేత చూపిద్దామంటే, పాత వ్యాసం దిద్దితే కొత్త ఆదాయం రాదు, ఆ డబ్బుతో కొత్తవి పది వస్తాయి అన్నాడు. ఆ లెక్కలో తప్పు లేదు. ఆ లెక్క వేసే కోడ్ రాసింది నేనే కదా.

2011 జనవరిలో డిమాండ్ మీడియా న్యూయార్క్ స్టాక్ ఎక్స్‌చేంజ్‌లోకి వచ్చింది. షేరు 17 డాలర్లకు ఇచ్చారు, మొదటి రోజే 20 దాటింది. కంపెనీ విలువ న్యూయార్క్ టైమ్స్ విలువను మించిందని వార్తలొచ్చాయి. మా ఆఫీసులో కేకు కోశారు, రేపు మనమే అన్నట్టు.

నెల తిరక్కుండా, పస లేని పేజీలు కిందికి పోయేలా గూగుల్ తన వెతుకులాట పద్ధతి మార్చింది. దాన్ని పాండా అంటారు. జంతువు పేరు అనుకుంటారు గానీ, అది అక్కడి ఇంజనీరు నవనీత్ పాండా ఇంటిపేరు. అప్పట్లో గూగుల్ వెతుకులాట విభాగానికి పెద్ద అమిత్ సింఘాల్, ఝాన్సీలో పుట్టినవాడు. పేజీల నాణ్యత కొలవడానికి వాళ్ళు బయటి మనుషులకు కొన్ని సైట్లు చూపించి అడిగిన ప్రశ్నల్లో ఒకటి నన్ను ఇప్పటికీ వదలదు: ఈ సైటు చెప్పిన మందు మీ పిల్లలకు వేస్తారా? ఆ ప్రశ్న మా ఆఫీసులో ఎవరైనా, నాతో సహా, ముందే వేసుకుని ఉండాల్సింది.

ఫిబ్రవరి మార్పు అమెరికాలో దాదాపు 12 శాతం వెతుకులాటల మీద పడింది. ఈహౌ మొదటి దెబ్బ తప్పించుకుంది, ఏప్రిల్‌లో వచ్చిన రెండో దానికి దొరికిపోయింది. తర్వాత వాళ్ళే పాత వ్యాసాలు లక్షల్లో తీసేశారు. డిమాండ్ మీడియా షేరు మూడేళ్ళలో దాదాపు మూడో వంతుకు పడింది. 2013లో రోసెన్‌బ్లాట్ వెళ్ళిపోయాడు. 2016లో కంపెనీ పేరే మార్చుకుని లీఫ్ గ్రూప్ అయింది. 2021లో గ్రాహం హోల్డింగ్స్ కొనేసింది. ఒకప్పుడు వాషింగ్టన్ పోస్ట్ పత్రికను నడిపిన కుటుంబం వాళ్ళది.

మా చిన్న కంపెనీ మొదటి దెబ్బకే పడిపోయింది. మార్చిలో ఒక శుక్రవారం సాయంత్రం పదకొండు మందిని పిలిచారు, అందులో నేనొకణ్ణి. ఇప్పుడైతే నాలాంటి హెచ్1బీ ఉద్యోగ వీసా వాళ్ళకు ఉద్యోగం పోయాక అరవై రోజుల వరకు గడువు ఉంది. ఆ నిబంధన 2017 జనవరిలో వచ్చింది. 2011లో అలాంటిదేమీ లేదు. ఉద్యోగం పోయిన మర్నాటి నుంచే స్టేటస్, అంటే అమెరికాలో చట్టబద్ధంగా ఉండే హక్కు, పోయినట్టు లెక్క. ఆ టెన్షన్ ఎవరికీ చెప్పుకోలేనిది. అమ్మ ఫోన్ చేస్తే ఆఫీసులో ఉన్నానని అబద్ధం చెప్పేవాణ్ణి. కాలబాసాస్‌లో వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళి, కొండల మధ్య ఆ తెల్లటి గోపురం కింద ఒక మధ్యాహ్నమంతా కూర్చున్నాను. రూమ్మేట్ తన కంపెనీలో తెలిసినవాళ్ళను పట్టుకుని నా ఫైలు కదిలించాడు. "ఏం గాదు అన్నా, నేనున్న" అన్నాడు. పన్నెండో రోజున ఆ కంపెనీ వాళ్ళు నా పేర కొత్త వీసా పిటిషన్ వేశారు. ప్రాజెక్టు సన్నీవేల్‌లో.

వికీహౌ ఆఫీసు అక్కడికి దగ్గర్లోనే, పాలో ఆల్టోలో. నేనెప్పుడూ వెళ్ళలేదు. కానీ ఖాతా తెరిచి, శని ఆదివారాల్లో వ్యాసాలు దిద్దడం మొదలుపెట్టాను. నేను చేసిన పనులవే ముట్టుకుంటాను. నాలుగు వాక్యాలు దిద్దడానికి ఒక్కోసారి గంట పడుతుంది. పైసా రాదు. మా పాత ప్రోగ్రాం ఆ గంటలో కొన్ని వందల శీర్షికలు తీసేది.

2019లో అమ్మ వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా ఫోన్ చేసింది, సింకు కింద ఏదో మూలుగుతోందని. వికీహౌ హిందీలో ఉంది, థాయ్‌లో ఉంది, తెలుగులో లేదు. ఉన్నా అమ్మకు ఆ వేళ ఎవరు తెరిచిపెడతారు? "అమ్మా, ముందు స్విచ్చు ఆపు. చెయ్యి పెట్టకు" అన్నాను. రంధ్రం ఎక్కడుందో, కీ ఏ సొరుగులో ఉందో చెప్పాను. ఫోన్ కింద పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వినబడింది: "ఇటు తిరగట్లేదురా."

"అటు తిప్పి చూడు."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి ఒక కాగితం మీద అన్నీ తెలుగులో వరసగా రాశాను. సింకు కింద అల్మారా తలుపుకు లోపలివైపు అంటించాను. అమ్మ చదివి, కింద తన చేత్తో ఒక వాక్యం చేర్చింది: మునక్కాడ పిప్పి ఇందులో వేయకూడదు.