ఐదో నెలలో తలకు ఆపరేషన్: నా అనుభవం

నాలుగో నెల దాటినా వాంతులు తగ్గలేదు. తెల్లవారుజామున తలనొప్పితో మెలకువ వచ్చేది, ఆ వెంటనే వాంతి. మొదట చూపించిన చోట వేవిళ్లేనని పంపేశారు. ఒక్కోటి రెండుగా కనిపించడం మొదలయ్యాక కంటి డాక్టరు దగ్గరికి వెళ్తే, కంటి నరం వాచిందని ఎమ్మారై రాశారు. ఎమ్మారైలో రేడియేషన్ ఉండదు కాబట్టి భయం లేదన్నారు. స్కాన్‌లో గడ్డలు స్పష్టంగా కనిపించడానికి ఇచ్చే కాంట్రాస్ట్ ఇంజెక్షన్ మాత్రం ఇవ్వలేదు. మెనింజియోమా, అంటే మెదడును కప్పే పొరల్లో పెరిగే గడ్డ అని తేలింది. ఇది చాలావరకు క్యాన్సర్ కాని గడ్డే, కానీ కడుపుతో ఉన్నప్పుడు పెరగొచ్చట.

కాన్పు అయ్యాక చూసుకోవచ్చు కదా అంది అత్తయ్య. అప్పటిదాకా ఆగితే చూపు పోతుందన్నారు సర్జన్.

ఇలాంటప్పుడు అందరూ సర్జన్ ఎవరని అడుగుతారు. నాకు ధైర్యం వచ్చింది మాత్రం మత్తు డాక్టరమ్మతో మాట్లాడాకే. కుడి తుంటి కింద దిండు పెట్టి, ఒళ్లు కొంచెం ఎడమకు ఒరిగేలా పడుకోబెట్టి చూపించారావిడ. వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువుకు పెద్ద రక్తనాళాలు నలిగి బీపీ పడిపోతుందట. నా బీపీ పడితే మావికి రక్తం తగ్గుతుంది. మామూలుగా మెదడు ఉబ్బు తగ్గించడానికి మెషీన్‌తో ఊపిరి వేగం పెంచుతారు, మానిటాల్ అనే నీరు లాగే మందు ఎక్కిస్తారు. నా విషయంలో రెండూ ఆచితూచి వాడాలి. ఊపిరి వేగం మరీ పెరిగినా మావికి రక్తం తగ్గుతుంది, మానిటాల్ ఎక్కువైతే బిడ్డ ఒంట్లో నీరు లాగేస్తుంది. గర్భిణులకు జీర్ణాశయంలోది గొంతులోకి ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోయే భయం ఎక్కువ కాబట్టి, మత్తెక్కగానే ఆలస్యం లేకుండా గొంతులో గొట్టం వేసేస్తామన్నారు.

మరి మధ్యలో పాపాయికి ఏమైనా అయితే? మా ఆయన అడిగాడు. ఆవిడ దాచలేదు. 24 వారాలు కూడా నిండలేదు, బయటికి తీసినా బతకదు. అందుకే ఆపరేషన్‌కు ముందూ తర్వాతా గుండె చప్పుడు చూస్తాం, మధ్యలో తల్లిని కాపాడటమే బిడ్డను కాపాడటం అన్నారు. సంతకం పెట్టడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

మెలకువ వచ్చేసరికి గొంతు మంట, తలంతా దిమ్ము. నేను అడగకముందే నర్సు పొట్ట మీద డాప్లర్ మెషీన్ పెట్టి పాపాయి గుండె చప్పుడు వినిపించింది.

తొమ్మిదో నెలలో సిజేరియన్ అన్నప్పుడు మళ్లీ టెన్షన్. తలలో ఒత్తిడి ఎక్కువగా ఉంటే వెన్నులో మత్తు సూది ప్రమాదం. నాకు గడ్డ తీసేశారు, తర్వాతి స్కాన్ కూడా బాగుంది కాబట్టి వెన్నుకే ఇచ్చారు. ఎవరికైనా ఇలాంటి పరిస్థితి వస్తే ఆపరేషన్ సమ్మరీ, ఆ స్కాన్ రిపోర్టు కాన్పు సంచిలోనే పెట్టుకోండి. థియేటర్‌లోకి తీసుకెళ్లేముందు మమ్మల్ని మొదట అడిగింది అవే.