పదకొండో నంబరు

తుపాను వచ్చినప్పుడల్లా టీవీలో "విశాఖ పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక" అని స్క్రోలింగ్ వస్తుంది కదా, ఆ నంబర్ల సంగతి ఫిషింగ్ హార్బర్ దగ్గర ఎవరిని అడిగినా చెప్తారు. మూడంటే ఈదురుగాలులు వస్తాయి, జాగ్రత్త. ఏడంటే తుపాను మన రేవు మీదుగానో బాగా దగ్గరగానో దాటుతుంది. పదంటే దాటేది తీవ్ర తుపాను. పది తర్వాత ఇంకొకటి ఉంది, పదకొండు, దాని గురించి చాలామంది వినలేదు. తుపాను హెచ్చరికల కేంద్రంతో పోర్టుకి సంబంధాలు తెగిపోయాయి, ఇక్కడున్న అధికారి తన అంచనా మీద ప్రమాదం ఉందని చెప్తున్నాడు అని దానర్థం.

అన్ని గాలుల పైన, కబురు తెగిపోవడానికి ఒక నంబరు పెట్టారు. నేను ప్రజా సంబంధాల ఉద్యోగంలో చేరిన కొత్తలో మా సీనియర్ ఒకాయన ఇది చెప్తే విని ఊరుకున్నాను. అర్థం కావడానికి కొన్నేళ్లు పట్టింది.

అప్పట్లో నేను నగర శివార్లలోని ఒక రసాయనాల ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. ఒక రాత్రి షిఫ్టులో ఏదో పైపు జాయింటు ఊడి, పక్క ఊళ్లోకి ఘాటు వాసన వెళ్లింది. తెల్లారేసరికి గేటు ముందు జనం. నేను లోపల కూర్చుని ప్రెస్ నోట్ రాస్తున్నాను: "ఎలాంటి ప్రమాదం లేదు, పరిస్థితి పూర్తిగా అదుపులో ఉంది, ప్రజలు ఆందోళన చెందవద్దు." దాన్ని నలుగురు పెద్దవాళ్లు దిద్ది సంతకం పెట్టేసరికి పదకొండు దాటింది. ఆ కాగితం పట్టుకుని గేటు దగ్గరికి వెళ్తే ఒకావిడ, చంకలో పిల్లతో, నా మాట పూర్తిగా వినకుండానే అడిగింది. "అదంతా ఎందుకు బాబూ, మా బోరింగు నీళ్లు పిల్లకి పట్టొచ్చా, వద్దా? అది చెప్పు."

నా కాగితంలో నీళ్ల మాటే లేదు. నలుగురు దిద్దినా ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే మేమంతా రేపు పేపర్లో ఏం వస్తుందో అన్న టెన్షన్‌లో ఉన్నాం. పీఆర్ (ప్రజా సంబంధాల) కోర్సుల్లో 1982 నాటి టైలెనాల్ అనే నొప్పి మాత్రల సంగతి తప్పకుండా చెప్తారు, చికాగోలో మాత్రల్లో ఎవరో సయనైడ్ కలపడంతో ఏడుగురు చనిపోతే తయారీ కంపెనీ 3 కోట్లకు పైగా సీసాలు వెనక్కి తెప్పించిందని. నేనూ చదివి మార్కులు తెచ్చుకున్నాను. గేటు దగ్గర అదేమీ గుర్తు రాలేదు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో స్టైరిన్ అనే రసాయనం ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. ఆ సమయంలో సైరన్ మోగలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ కూడా చెప్పింది. అదే రోజు రాత్రి "మళ్లీ లీకైందంట" అని వాట్సాప్‌లో మొదలైంది. మేం అప్పుడు విశాఖలోనే ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ఉండేవాళ్లం. ముసలివాళ్లని, పిల్లల్ని బండ్ల మీద ఎక్కించుకుని జనం ఎటు పడితే అటు పోయారు, మేమూ పోయాం. వాళ్లని తప్పు పట్టే ధైర్యం నాకు లేదు. పొద్దున ఎవరూ చెప్పకుండానే అంత జరిగాక, రాత్రి ఎవరైనా వచ్చి ఏమీ లేదంటే ఎలా నమ్ముతారు?

నమ్మడం కూడా చూశాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ దాటాక ఊరంతా కరెంటు లేదు, ఫోన్లు లేవు. ఆ నంబరు ఎవరూ ప్రకటించకపోయినా మా వీధికి అది పదకొండో నంబరే. రెండో రోజు మైకు కట్టిన ఆటో ఒకటి వచ్చి, సాయంత్రం 4 గంటలకి రామాలయం దగ్గరికి నీళ్ల ట్యాంకరు వస్తుంది, కరెంటు ఎప్పుడొస్తుందో ఈ రోజు చెప్పలేం, రేపు పొద్దున 9కి మళ్లీ వచ్చి చెప్తాం అని చెప్పి వెళ్లింది. ట్యాంకరు నాలుగున్నరకి వచ్చింది. మర్నాడు 9కి ఆటో కూడా వచ్చింది, కరెంటు గురించి కొత్తగా చెప్పడానికి ఏమీ లేకపోయినా వచ్చింది. ఆ తర్వాత మా వీధిలో పుకార్లని ఎవరూ పట్టించుకోలేదు, "ఆటో రానీ, చూద్దాం" అనేవాళ్లు.

ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలు నోట్ రాసి తెస్తే, మొదట నీళ్లు, గాలి, పిల్లలు, పశువులు ఈ నాలుగింటి గురించి ఏం రాశారో చూస్తాను. చివర్లో మళ్లీ ఎన్ని గంటలకి చెప్తామో లేకపోతే వెనక్కి ఇచ్చేస్తాను. సంతకాలు ఆలస్యమైతే కాగితం కోసం ఆగకుండా సర్పంచ్‌కి ముందు ఫోన్ చేయాలని మా యాజమాన్యంతో గొడవపడి మరీ ఒప్పించాను.

గేటు దగ్గర ఆవిడ అడిగిన ఆ ఊరి నీళ్ల పరీక్ష రిపోర్టు మూడో రోజుకి వచ్చింది. నీళ్లు బాగున్నాయి. దాన్ని పట్టుకుని నేనే ఊళ్లోకి వెళ్లాను. అప్పటికే బోరింగు హ్యాండిల్‌ని తాడుతో కట్టేసి పైన గోనెసంచి కప్పేశారు, ఆడవాళ్లు బిందెలతో రోడ్డవతలి ఊరి నుంచి వస్తున్నారు. ఆ తాడు విప్పడానికి ఇంకో రెండు నెలలు పట్టింది.