వాన చాలని నార్వే లోయ

నార్వే అంటే ఎడతెగని వాన, మంచు అని చాలామంది అనుకుంటారు. ఈ వేసవిలో నేను చూసిన షోక్‌ అలాంటిది కాదు. ఒట్టా నది ఒడ్డున, రెండు వేల పైచిలుకు జనాభాతో ఉండే చిన్న పురపాలిక అది. అట్లాంటిక్ నుంచి వచ్చే తేమనంతా పడమటి కొండలే పిండేసుకుంటాయి. లోయకు మిగిలేది ఏడాదికి సుమారు 300 మిల్లీమీటర్లే. మా అనంతపురంలో పడేదానికన్నా తక్కువ!

అయినా అక్కడ పచ్చటి పొలాలున్నాయి. పైన కరిగే మంచు నీటిని శతాబ్దాలుగా కాలువల్లో, దుంగలను తొలిచి చేసిన దోనెల్లో కిందికి దించుకున్నారు. ఆ నీటిని పొలాల మధ్య వంతులవారీగా పంచుకునేవారు, చెక్క పారలతో మడి మీద చిమ్మేవారు. ఇప్పుడు ఆ పని స్ప్రింక్లర్లు చేస్తున్నాయి. కరవు సీమలో పుట్టినదాన్ని కాబట్టి, ఆ తడిసిన చేల పక్కన నిలబడితే నాకు గొంతు పూడుకుపోయింది.

1866లో పక్కనున్న లోమ్‌ నుంచి విడిపోయి షోక్ వేరే పురపాలిక అయింది. అంతకు చాలా ముందే, 1798లో, ఇక్కడి రైతులు చుట్టూ ఉన్న అడవిని, కొండలను ఉమ్మడిగా కొనుక్కున్నారు. ఆ ఉమ్మడి ఆస్తి నేటికీ నిలిచే ఉంది. నన్ను అన్నిటికన్నా కదిలించింది ఇదే. పురపాలిక నేలలో ముప్పావు వంతుకు పైగా ఇప్పుడు రక్షిత ప్రాంతం. రైన్‌హైమెన్, బ్రేహైమెన్ జాతీయ వనాలు ఇక్కడికీ విస్తరించాయి. మన చెరువుల కింద నీటి వంతులు చూసిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లను అడిగి ఆ పద్ధతులన్నీ రాసిపెట్టాలని ఉంది. మీ ఊళ్లో అలాంటివారుంటే దయచేసి చెప్పండి.