చర్ల అంటే చర్లపల్లి కాదు

నా కేస్ షీటులో ఊరి పేరు ‘చర్లపల్లి’ అని పడింది. నేను చెప్పింది చర్ల. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఛత్తీస్‌గఢ్‌ను ఆనుకుని ఉండే మండలం. హైదరాబాద్‌లో పెరిగిన డ్యూటీ డాక్టరుకు అది చర్లపల్లి అని వినపడితే ఆశ్చర్యం లేదు. కానీ ఆ ‘పల్లి’ వచ్చి చేరడంతో నా జ్వరం సిటీ జ్వరం అయిపోయింది. అది సెప్టెంబరు. వార్డు నిండా జ్వరాలే. ప్లేట్‌లెట్లు ఎంత అనే ప్రశ్న తప్ప ఇంకో మాట వినపడని రోజులు. నాకూ డెంగ్యూయే అనుకున్నారు.

నాది దోమలు పట్టే ఉద్యోగం. సరిహద్దు మండలాల్లో మలేరియా దోమల మీద జరిగే ఒక పరిశోధన ప్రాజెక్టులో ఫీల్డు పని చేస్తాను. తెల్లవారుజామున పశువుల కొట్టాల్లోకి వెళ్లి, గోడల మీద టార్చి వేసి, వాలి ఉన్న దోమల్ని గాజు గొట్టంతో నోటితో పీల్చి పడతాం. గొట్టానికి లోపల వల ఉంటుంది, దోమ నోట్లోకి రాదు. ఈ సంగతి ముందే చెప్పకపోతే మా చుట్టాలు నన్ను భోజనానికి పిలవడం మానేస్తారు. తర్వాత ఇళ్లలో నేలంతా తెల్ల దుప్పట్లు పరిచి, తలుపులు మూసి మందు కొట్టి, రాలిన దోమల్ని ఏరుకుంటాం. మలేరియాను మోసే అనాఫిలిస్ దోమను గుర్తుపట్టడం తేలిక. అది తల దించి, వెనక భాగం పైకెత్తి ఏటవాలుగా కూర్చుంటుంది. మైదానం ఊళ్లలో క్యులిసిఫేసిస్ అనే రకం ఎక్కువ. కొండల దిగువన, మెల్లగా పారే వాగుల అంచు గడ్డిలో ఫ్లూవియాటిలిస్ పెరుగుతుంది. ఇందులోనే ఒక తెగకు పశువుల కంటే మనిషి రక్తమే ఇష్టం. చర్ల దగ్గర అడవి దాటితే అటు ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్, సుక్మా జిల్లాలు. దోమ తెర కింద పడుకున్నా, చీకటి పడ్డాక ఊళ్లో తిరగకుండా మా పని జరగదు.

సిటీకి తిరిగొచ్చి రెండు వారాలు దాటాక ఓ మధ్యాహ్నం వణుకు పట్టుకుంది. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. అమ్మ రెండు రగ్గులు కప్పి, పైన చలికాలం బొంత కూడా వేసింది. గంట తర్వాత అవన్నీ తన్నేశాను, ఒళ్లు కాలిపోతోంది. ఆ తర్వాత నైటీ పిండుకునేంత చెమట. చెమట ఆరగానే ఆకలి! పప్పన్నం, చింతకాయ తొక్కు కలిపి పెడితే తిన్నాను కూడా. అమ్మ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. మర్నాడు ఒట్టి నీరసం తప్ప ఏమీ లేదు. ఆ మర్నాడు మళ్లీ వణుకు.

ఇంటి దగ్గరలోని ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చారు. డెంగ్యూ పరీక్ష నెగటివ్ వచ్చింది. ఒకోసారి అలా వస్తుంది, మళ్లీ చేద్దాం అన్నారు. ప్లేట్‌లెట్లు మాత్రం నిజంగానే పడిపోతున్నాయి. దాంతో డెంగ్యూ అనే మాటకు బలం వచ్చింది. మలేరియాలో కూడా ప్లేట్‌లెట్లు పడిపోతాయని, నా రక్తం స్లైడు తీయించమని అడిగాను. “చూద్దాం మేడం, ముందు కౌంట్ పెరగనివ్వండి” అన్నారు. పక్కింటి ఆంటీ బొప్పాయి ఆకు రసం సీసాతో వచ్చింది. ఆమె ప్రేమను కాదనలేక రెండు చెంచాలు తాగాను. ఆ చేదు వేరే ఏ చేదుకూ రాదు. కివీ పండ్ల బిల్లు సంగతి రాయను.

ఒక పూట జ్వరం లేని సమయం చూసి డిశ్చార్జి రాయించుకుని నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌కు వెళ్లాం. మా అమ్మ దాన్ని ఇప్పటికీ కోరంటి దవాఖానా అనే అంటుంది. అక్కడ ఓపీలో పెద్దావిడ డాక్టరు తల ఎత్తకుండానే మొదట అడిగిన ప్రశ్న: “ఈ నెలల ఏ ఊరికి పోయొచ్చినవమ్మా?” చర్ల అన్నాను. “భద్రాచలం అవతల చర్లనా?” అని అప్పుడు తల ఎత్తారు. నేను ఏం పని చేస్తానో చెప్పకముందే స్లైడుకు రాసేశారు.

ఆ ఆస్పత్రి అసలు పేరులో రోనాల్డ్ రాస్ ఉన్నాడు. 1897 ఆగస్టు 20న బేగంపేటలో, హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూసిన రాస్. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున హుసేన్ ఖాన్‌కు ఇచ్చాడంటారు. 1902లో నోబెల్ వచ్చింది రాస్‌కు. హుసేన్ ఖాన్ జ్వరం తగ్గిందో లేదో మాకు ఎమ్మెస్సీలో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. స్లైడు రిపోర్టు కోసం బెంచీ మీద కూర్చున్నప్పుడు మొదటిసారి ఆయన గుర్తొచ్చాడు.

మలేరియానే, అందులో వైవాక్స్ అనే రకం క్రిమి అని తేలింది. ల్యాబ్ టెక్నీషియన్‌ను బతిమాలి నేనూ మైక్రోస్కోప్‌లో చూశాను. నా ఎర్ర రక్తకణాలు మామూలు సైజు కంటే ఉబ్బి ఉన్నాయి, లోపల ఉంగరాల్లా క్రిములు. సరిహద్దు అడవుల్లో ఎక్కువగా దొరికేది ఫాల్సిపేరం అనే ఇంకో రకం, మెదడుకు ఎక్కి ప్రాణం తీసేది ప్రధానంగా అదే. ఆ లెక్కన నేను అదృష్టవంతురాలిని. అయితే వైవాక్స్ బుద్ధి వేరు. రక్తంలో ఉన్నదాన్ని చంపేసినా, కొంత క్రిమి కాలేయంలో నిద్రపోతూ ఉండిపోతుంది. వారాల తర్వాతో, నెలల తర్వాతో, దోమ మళ్లీ కుట్టకుండానే లేస్తుంది.

అందుకే మందు రెండు రకాలు. రక్తంలోని క్రిమికి క్లోరోక్విన్ మూడు రోజులు. కాలేయంలో పడుకున్నదానికి ప్రిమాక్విన్, రోజుకు 15 మిల్లీగ్రాములు, 14 రోజులు. జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువగా ఉన్నవాళ్లకు ప్రిమాక్విన్ వేస్తే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి, మూత్రం బ్లాక్ టీ రంగులో వస్తుంది. నాకు ముందు ఆ పరీక్ష చేసి, సరిగ్గానే ఉందని తేలాక గోళీలు ఇచ్చారు.

క్లోరోక్విన్ మొదలుపెట్టాక వణుకు మళ్లీ రాలేదు. అసలు కష్టం అప్పుడు మొదలైంది. జ్వరం లేని మనిషి ఇన్ని రోజులు మందు మింగడం ఎంత విసుగో అనుభవిస్తే గానీ తెలియదు. ఖాళీ కడుపున వేస్తే పొట్టలో మెలిపెట్టినట్టు నొప్పి. అమ్మ గోడ క్యాలెండర్ మీద రోజుకొక టిక్కు పెట్టి, అన్నం ముద్ద మింగాక గోళీ చేతిలో పెట్టేది. నీళ్లు తాగాక నోరు తెరిచి చూపించమన్న రోజు కూడా ఉంది. రెండంతస్తుల మెట్లు ఎక్కితే ఆయాసం, ఎడమ పక్క డొక్కలో ప్లీహం బరువు. బట్టతల వస్తుందేమో అన్నంత జుట్టు ఊడింది, అది కూడా అంతా నయమైపోయింది అనుకున్న తర్వాత.

ఈ మధ్యలో కార్పొరేషన్ నుంచి దోమల విభాగం మనిషి ఇంటికి వచ్చాడు. సంపు చూశాడు, కూలర్ చూశాడు, పైకెక్కి ఓవర్‌హెడ్ ట్యాంకు మూత చూశాడు. ఎందుకు చూస్తున్నాడో నాకు తెలుసు. స్టీఫెన్సై అనే అనాఫిలిస్ సిటీ ట్యాంకుల్లో హాయిగా పెరుగుతుంది. అది నన్ను కుట్టి ఇంకొకరిని కుడితే, అడవి మలేరియా మా వీధి మలేరియా అవుతుంది. ఫారంలో ఒక గడి దగ్గర పెన్ను ఆపి, “మేడం, ఇది బయటి కేసు కదా?” అన్నాడు. హైదరాబాద్‌కు బయటి కేసే. దేశానికి మాత్రం సొంత కేసే. 2027 నాటికి దేశంలో సొంత మలేరియా కేసు ఒక్కటీ ఉండకూడదని, 2030కి పూర్తిగా పోవాలని లక్ష్యం. ఇలాంటప్పుడు కేసు తన లెక్కలో పడకూడదని ప్రతి జిల్లాకూ ఉంటుంది. చర్లలోనూ ఇదే మాట విన్నాను: “అటు నుంచి వచ్చినవి మేడం.” అటువైపు వెళ్లి అడిగితే ‘అటు’ అంటే ఇటు.

అటువైపు పని జరగలేదని కాదు. 2020 జనవరిలో మలేరియా ముక్త్ బస్తర్ పేరుతో ఇంటింటికీ వెళ్లి, జ్వరం ఉన్నా లేకపోయినా అందరికీ పరీక్ష చేశారు. పాజిటివ్ వచ్చినవాళ్లలో చాలామందికి అసలు జ్వరమే లేదు. రోజూ పొలం వెళ్లి వస్తూనే ఒంట్లో క్రిమిని మోస్తున్నారు. చైనావాళ్లు మయన్మార్ సరిహద్దులో ఒక పద్ధతి గట్టిగా పాటించారు: కేసు కనపడిన రోజే రిపోర్టు, మూడు రోజుల్లో ఎక్కడ సోకిందో విచారణ, ఏడు రోజుల్లో ఆ చోట చర్య. 2021లో ఆ దేశం మలేరియా లేని దేశంగా గుర్తింపు పొందింది. మందులకు లొంగని క్రిమి మొదట తలెత్తింది కూడా సరిహద్దులోనే, థాయ్‌లాండ్, కంబోడియాల మధ్య. ముందు క్లోరోక్విన్‌కు, తర్వాత ఆర్టెమిసినిన్ అనే మందుకు.

నా కోర్సు అయిపోయాక చర్ల వైపు నాతో ఊళ్లు తిరిగిన ఆశా కార్యకర్తకు ఫోన్ చేశాను. నాకు మలేరియా అని చెబితే పెద్దగా నవ్వింది. “మాకైతే ఏటా ఉండేదే అక్కా. మీకు ఆ గోళీలు రోజూ ఎవరు ఏశారు?” అని అడిగింది. మా అమ్మ అన్నాను. మిరప కోతలు మొదలైతే అటు నుంచి ముఠాలు ముఠాలుగా దిగుతారు, కల్లాల దగ్గరే గుడిసెలు వేసుకుంటారు. ఒకరికి వైవాక్స్ అని తేలితే ఆమె గోళీలు మొదలుపెడుతుంది. కోత అయిపోతుంది, మేస్త్రి ముఠాను ఇంకో ఊరికి తోలుకుపోతాడు, లేదంటే వాళ్లు ఇంటికి వెళ్లిపోతారు. ఆరో రోజుకో ఏడో రోజుకో ఆమె వెళ్లేసరికి గుడిసె ఖాళీ. తెలంగాణ రిజిస్టర్‌లో ఆ పేషెంటు కోర్సు పూర్తి చేయనివాడు. ఛత్తీస్‌గఢ్ రిజిస్టర్‌లో అసలు లేనే లేడు.

దీనికి ఆమె తనంతట తానే ఒక దారి చూసుకుంది. అటువైపు ఆశాల పని చేసే ఆడవాళ్లను మితానిన్ అంటారు. సంతలో పరిచయమైన ఇద్దరు మితానిన్ల నంబర్లు ఆమె ఫోన్‌లో ఉన్నాయి. ముఠా కదిలిందని తెలియగానే పేషెంటు పేరు, మిగిలిన గోళీల లెక్క వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడుతుంది, కోయ మాటల్లో. సిగ్నల్ దొరికినప్పుడు వాళ్లు వింటారు. ఇది ఏ రిపోర్టులోనూ లేదు. మా ప్రాజెక్టు ఫారాల్లో కూడా లేదు, ఇన్నాళ్లూ మేం దోమల్ని లెక్కపెడుతూ వచ్చాం. ఈసారి మిరప కోతలకు వెళ్లినప్పుడు గాజు గొట్టాలతో పాటు ఆ మెసేజ్‌ల లెక్క కూడా రాసుకుంటానని మా సారుకు చెప్పాను. “దానికి బడ్జెట్ లేదమ్మా” అన్నారు. నోట్‌బుక్ నేనే కొనుక్కుంటానన్నాను.