తూకం, అద్దం, పది ప్రశ్నలు

షాంఘై, గురువారం రాత్రి

ఈరోజు మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్‌లో నా ఎదుట కూర్చున్న సహోద్యోగిని అన్నం ముట్టకుండా ఆకుకూర మాత్రమే తిని లేచిపోబోయింది. ఆమెకిప్పుడు ఎనిమిదో నెల. ఉదయం ఆసుపత్రిలో బరువు 128 జిన్‌లు వచ్చిందని చెప్పింది. ఇక్కడ అందరూ బరువును జిన్‌లలోనే చెప్పుకుంటారు. ఒక జిన్ అరకిలో. గర్భం దాల్చకముందు ఆమె 104 జిన్‌లు, అంటే పెరిగింది 12 కిలోలు. చైనా పోషకాహార సంఘం 2021లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం సాధారణ బరువున్న స్త్రీ గర్భకాలంలో 8 నుంచి 14 కిలోల వరకు పెరగవచ్చు. ఆ మాటే నేను అంటే, "డాక్టరూ బాగానే ఉందన్నారు, అద్దం ముందు నిలబడితేనే ఏడుపొస్తోంది" అంది.

ఆ ఏడుపు గర్భంతో మొదలైంది కాదని నాకు అనిపిస్తుంది. మంచి అమ్మాయి వంద జిన్‌లు దాటదనే మాట వింటూ పెరిగిన తరం వీరిది. 2016లో నడుము ఎ4 కాగితం వెడల్పును, అంటే 21 సెంటీమీటర్లను, మించలేదని చూపే ఫొటోలు చైనా సామాజిక మాధ్యమం వీబోను ముంచెత్తినప్పుడు కాలేజీల్లో ఉన్నవారే ఇప్పుడు తల్లులవుతున్నారు. వారి ఫోన్లలో బిడ్డ పెరగాలి గాని ఒళ్లు పెరగకూడదనే సలహాలు. ఇంట్లో అత్తగారు ఇద్దరి కోసం తినాలంటూ ముందుంచే కోడి సూపు. ఇంట్లో సూపు తాగి, ఆఫీసులో అన్నం మానేసి, రెండు పక్షాలకూ సమాధానం చెప్పుకోవడం ఆమె ఒక్కర్తి వంతే అవుతోంది.

బరువుకు హద్దులు చెప్పడాన్ని నేను తప్పుపట్టను. గర్భిణుల్లో వచ్చే మధుమేహం, బిడ్డ మరీ పెద్దదై కాన్పు కష్టమవడం నిజమైన ప్రమాదాలు. అయితే ఆ అంకె ఎలాంటి మనసులోకి వెళుతోందో కూడా చూడాలి. 2020 సెప్టెంబరులో జాతీయ ఆరోగ్య కమిషన్ గర్భిణుల పరీక్షల్లో కుంగుబాటును కూడా పరిశీలించాలని సూచించింది, అది ఎంతో మంచి పని. నా సహోద్యోగిని కూడా కుంగుబాటును గుర్తించడానికి వాడే ఎడిన్‌బరో ప్రశ్నావళి నింపింది. గడచిన ఏడు రోజుల్లో నవ్వగలిగారా, కారణం లేకుండా భయపడ్డారా, నిద్ర కరువయ్యేంత దుఃఖపడ్డారా అని అడిగే ఆ పది ప్రశ్నల్లో శరీరం గురించి ఒక్కటీ లేదు. ఏడుపు గురించిన ప్రశ్న ఉంది గాని, లావైనందుకు ఏడవడం జబ్బు కిందికి రాదనుకుని ఆమె "లేదు" అని గుర్తు పెట్టిందట. అది విన్నప్పుడు నాకు చాలా బాధ కలిగింది. బరువు తూచిన ఆ నిమిషంలోనే, ఈ మార్పు మీకు ఎలా అనిపిస్తోందని ఎవరైనా అడిగి ఉంటే ఆమె తప్పక చెప్పేది.

చివరికి కొంచెం అన్నం తింది. వచ్చే పరీక్షకు తోడు రమ్మంది. అద్దం సంగతి తానే డాక్టరుకు చెబుతానని, సంకోచిస్తే గుర్తుచేయమని అడిగింది. ఆ ఉదయానికి సెలవు పెట్టాను.