సాలూరు ఘాట్‌లో గురి తప్పింది

విజయనగరంలో పొద్దున్నే జైపూర్ బస్సెక్కాం, నేనూ మా అక్క కొడుకూ. రాజస్థాన్ జైపూర్ కాదండోయ్, ఒరిస్సా జైపూర్, కొరాపుట్ జిల్లాలోది, మా ఇంట్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ జయపురం అనే అంటారు. అక్కడ మా మేనత్తా వాళ్ళుంటారు. పండక్కి ముందు ఒక్కసారి వచ్చి వెళ్ళమని నెల్లాళ్ళ నుంచీ పోరుతోంది, వీడికి సంక్రాంతి సెలవులిచ్చేశారు, "వీణ్ణి కూడా తీసుకుపోరా, ఇంట్లో ఉంటే పొద్దస్తమానం ఫోనే" అంది మా అక్క. తీసుకెళ్ళాను, ఫోనూ వెంటే వచ్చింది. నా బ్యాగులో స్విచ్ ఉందనుకోండి, అంటే చేత్తో పట్టుకుని ఆడే నింటెండో వాళ్ళ గేమ్ మిషన్, ఆ సంగతి అక్కకి చెప్పలేదు.

వాడికి పదమూడేళ్ళు, ఆడేవన్నీ షూటింగ్ గేములే, అదీ గైరో ఆన్ చేసుకుని. తెలీనివాళ్ళకి చెప్తున్నా, వేలితో తెర మీద రాస్తూ గురి చూడ్డం ఒక పద్ధతి, ఫోన్నే అటూ ఇటూ తిప్పితే గురి కదలడం ఇంకో పద్ధతి, ఈ రెండోదే గైరో. బీజీఎంఐ అనే ఫోన్ షూటింగ్ గేమ్ ఆడే కుర్రాళ్ళని అడగండి, గబుక్కున తిరగడానికి వేలు, సన్నగా సర్దుకోడానికి గైరో అని వాళ్ళే క్లాసు పీకుతారు. మావాడైతే నాలుగు వేళ్ళతో ఆడతాడు, వేళ్ళకి తొడుగులు, అరచేతికి పౌడరు, చూస్తే క్యారమ్స్ టోర్నమెంటుకి కూర్చున్నట్టుంటాడు.

సాలూరు దాకా బాగానే సాగింది. లారీల ఊరు కదా, బస్సు ఊరు దాటడానికే కాసేపు పట్టింది, అక్కణ్ణుంచి ఘాట్ మొదలు. సిగ్నల్ పోయింది, నెట్ లేకుండా ఆడే గేమేదో తీశాడు. మొదటి హెయిర్‌పిన్ దగ్గర "మావయ్యా, ఫోన్ పోయింది" అన్నాడు. చూస్తే వాడి చేతులు కదలట్లేదు, కానీ గోడ చాటున నక్కిన శత్రువు మెల్లగా తెర అంచుకి జారిపోతున్నాడు, మలుపు పూర్తయ్యేసరికి వీడి బొమ్మ శత్రువుకి వీపు చూపించి నిలబడింది. క్యాలిబ్రేషన్ చేశాడు, అంటే సెన్సర్‌ని మళ్ళీ మొదట్నుంచీ సరిచేసుకోమన్నాడు, తర్వాతి మలుపులో మళ్ళీ అదే, ఈసారి రెండో వైపుకి.

నాకు నవ్వాగలేదు, ఎందుకంటే ఫోన్‌కి ఏమీ కాలేదు, అది దాని పని చాలా నిజాయితీగా చేస్తోంది. లోపల బియ్యపు గింజంత చిప్పులో సిలికాన్ ముక్క ఒకటి ఎప్పుడూ వణుకుతూ ఉంటుంది, ఫోన్ తిరిగితే ఆ వణుకు పక్కకి లాగబడుతుంది, ఆ లాగుడు కొలిచి ఎంత తిరిగామో చెప్తుంది. తిప్పింది నీ చెయ్యా, డ్రైవర్ స్టీరింగా అన్నది దానికేం తెలుసు? బస్సు కొండ మీద వెనక్కి తిరిగింది, బస్సుతో పాటు నువ్వూ తిరిగావు, నీతో పాటు ఫోనూ తిరిగింది, అంతే లెక్క. ఇదంతా చెప్తే వాడు విన్నాడు, విని ఊరుకోకుండా బస్సు ఎడమకి తిరిగితే తను కుడికి మెలి తిరగడం మొదలెట్టాడు, గురి నిలబెట్టాలి కదా మరి, నాలుగో మలుపులో వాడి మోచెయ్యి పక్కసీటు పెద్దాయన డొక్కలో దిగింది. ఆయన ఏమీ అనలేదు, ఒక చూపు చూశాడంతే. ఆరో మలుపుకి మావాడి మొహం పాలిపోయింది, ఫోన్ లాక్కుని నిమ్మకాయ చేతిలో పెట్టి కిటికీ వైపు కూర్చోబెట్టాను. కళ్ళు తెర మీద నిలకడగా ఉంటే చెవిలోపల మాత్రం బస్సు తిరుగుతోందని తెలుస్తుంది, ఆ రెండిటికీ కుదరకే కదా కడుపులో తిప్పేది. ఆపిల్ వాళ్ళు 2024లో ఐఓఎస్ 18తో దీనికో ఉపాయం తెచ్చారు, బండి ఎటు కదిలితే దానికి తగ్గట్టు తెర అంచుల్లో చుక్కలు కదుల్తాయి. అంటే ఫోన్ తను బండిలో ఉన్నానని పసిగట్టగలదన్నమాట, ఈ మాట నా బుర్రలో అలా ఉండిపోయింది.

సుంకి దాటాక బోర్డులన్నీ ఒడియా, పొట్టంగి దగ్గర మంచు ఎంత దట్టంగా ఉందంటే ఒడిశాలోకెల్లా ఎత్తయిన దేవమాలి కొండ ఆ చుట్టుపక్కలే ఉన్నా దాని నీడ కూడా కనబడలేదు. 1672 మీటర్లంటారు, పోన్లే ఇంకోసారి. సెమిలిగుడలో దిగి బరా ఘుగుని తిన్నాం, అంటే మన గారెలో బఠాణీ కూర పోసి ఇస్తాడు, ఆ చలిలో రెండో ప్లేటు అడగనివాడు మనిషి కాదు. వాంతి చేసుకోబోయినవాడు మూడు తిన్నాడు.

మళ్ళీ బస్సెక్కాక స్విచ్ తీసి ఇచ్చాను, బటన్లతో ఆడే పాతకాలం జంపింగ్ గేమ్ పెట్టి. మలుపులు వస్తూనే ఉన్నాయి, బొమ్మ మాత్రం చెప్పినట్టే గెంతుతోంది. చేత్తో పట్టుకుని ఆడే మిషన్లన్నీ పుట్టిందే ప్రయాణాల్లో ఆడుకోడానికి కదా, వాటిలో గైరో పెట్టినవాళ్ళేమో సోఫాలో కదలకుండా కూర్చునే మనిషిని ఊహించుకున్నట్టున్నారు. 2000లో నింటెండో పాత చేతి మిషన్ గేమ్‌బాయ్ కలర్‌కి, వంచితే కిర్బీ అనే బొమ్మ బంతిలా దొర్లే గేమ్ వచ్చింది, సెన్సర్ క్యాసెట్‌లోనే ఉండేది. అప్పట్నుంచి 2011 నాటి నింటెండో 3డీఎస్, సోనీ వీటా, ఇప్పటి స్విచ్ దాకా అందరిదీ అదే ఊహ. 3డీఎస్ ఇంకో చిక్కులో పడింది, అద్దాల్లేకుండా త్రీడీ చూపిస్తుంది గానీ నేరుగా చూస్తేనే, వంచి ఆడమనే గేములో వంచగానే బొమ్మ చెదిరిపోయేది, చివరికి 2014లో కెమెరాతో మొహాన్ని కనిపెట్టి సర్దే మోడల్ తేవాల్సొచ్చింది.

జైపూర్ చేరేసరికి మధ్యాహ్నం. అత్త వాకిట్లో చాప మీద కూర్చుని అరిసెలకి బియ్యం చెరుగుతోంది. "ఓలమ్మ, ఇంత ఎదిగిపోనాడేటి గుంటడు!" అని వాణ్ణి దగ్గరికి లాక్కుంది. రాత్రి భోజనాలయ్యాక వాడు అమ్మమ్మకి గేమ్ చూపిస్తానని పళ్ళు కోసే ఆట పెట్టాడు, తెర మీద వేలితో గీస్తే పండు తెగుతుంది. అత్త గీసింది, తెగలేదు. గట్టిగా నొక్కి గీసింది, తెగలేదు. "ఏటిరా ఇది, నా ఏలు దీనికి ఆనట్లేదా?" అంది. నలభై ఏళ్ళు చింతపండు పిసికి, గిన్నెలు తోమి, పొయ్యి బూడిద ఎత్తిన వేళ్ళు, అందులో పుష్యమాసం చలి, కొసలు ఎండిన చెక్కల్లా ఉన్నాయి. ఇప్పటి తెరలు వేలు తగిలితే పుట్టే కరెంటు మార్పుని చూసి పనిచేస్తాయి, తడి లేని ఎండిన వేలు వాటికి సగం వేలే.

నాకు పాత డీఎస్ గుర్తొచ్చింది. 2004లో వచ్చిన నింటెండో డీఎస్‌కి కింది తెర నొక్కితే పనిచేసే రకం, రెండు పొరలు ఒకదానికొకటి తగిలితే చాలు, నొక్కింది వేలా గోరా దానికక్కర్లేదు. కాలేజీలో నా సెకండ్ హ్యాండ్ డీఎస్‌తో వచ్చిన, తెర మీద నొక్కే పుల్ల పోతే అగ్గిపుల్ల వెనక్కొసతో ఏడాది ఆడాను. పదిహేను కోట్లకి పైగా అమ్ముడుపోయింది ఆ మిషన్. ఒకేసారి పది వేళ్ళు చూడలేదు, నిజమే, కానీ మా అత్త వేలిని కాదనేది కాదు.

సరే అని వాడు ఇంకోటి పెట్టాడు, చిక్కుదారుల పెట్టెలో బంతి, ఫోన్ వంచితే దొర్లుతుంది, గుంతల్లో పడకుండా చివరికి చేర్చాలి. మావాడు దీన్ని మూడు ప్రాణాలు పోగొట్టుకుని దాటాడు. అత్త ఫోన్‌ని రెండు చేతులా కింద నుంచి పట్టుకుంది, బొటనవేళ్ళు అంచు మీద. అలా ఎవరూ ఫోన్ పట్టుకోరు, అది చేట పట్టుకునే తీరు. ముంజేతులు కదల్లేదు, మణికట్టు దగ్గర చిన్న విదిలింపు, ఆగడం, ఇంకో విదిలింపు, బంతి గుంత అంచు దాకా వెళ్ళి నూకల్లోంచి బియ్యం విడిపోయినట్టు పక్కకి తప్పుకుంది. మొదటిసారే దాటేసింది. తర్వాతిదీ దాటింది. "బావుందిరా, రాళ్ళు లేని బియ్యంలా ఉంది" అంది. వాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

మా మావయ్య సునాబెడలో మిగ్ యుద్ధవిమానాల ఇంజన్లు చేసే హెచ్ఏఎల్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు, మంచం మీంచే అన్నీ వింటున్నాడు. ఘాట్ కథ చెప్తే "తీసివేత లెక్క తెలీదేటిరా మీ గేములోళ్ళకి?" అన్నాడు. బస్సు తిరుగుడు కొలిచేది ఒకటి, చేతి తిరుగుడు కొలిచేది ఒకటి, రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే మిగిలేది చెయ్యే కదా అని. నేను కాసేపు మాట్లాడలేకపోయాను. స్విచ్‌లో గైరో తెర ఉన్న పెట్టెలోనూ ఉంది, విడిగా ఊడొచ్చే రెండు పక్క పిడుల్లోనూ, అవే జాయ్‌కాన్లు, వాటిలోనూ ఉంది, పెట్టెని సీటు మీద ఆన్చి జాయ్‌కాన్లు చేత్తో పట్టుకుంటే మావయ్య చెప్పిన లెక్కకి కావల్సినవన్నీ 2017 నుంచే చేతిలో ఉన్నట్టు. జేబులో ఫోన్ ఉండనే ఉంది, అది బస్సు సంగతి చూసుకుంటే చేతిలోది ఆట సంగతి చూసుకుంటుంది. తలకి పెట్టుకునే వీఆర్ పెట్టెల్లో విమానం కోసమని ట్రావెల్ మోడ్ ఇప్పటికే పెట్టారు, చేతి మిషన్లకి ఎందుకు పెట్టరో. నా లెక్క ప్రకారం మిషన్ని కదిపి ఆడే ఈ మోషన్ కంట్రోల్‌లో రాబోయే అసలు పని ఇదే, ఇంకా సన్నటి సెన్సర్లు కాదు.

ఇంకో దారి 2022లో వచ్చిన స్టీమ్ డెక్ అనే చేతి మిషన్‌లో ఉంది, బొమ్మని నడిపే చిన్న కర్ర మీద బొటనవేలు ఆనితేనే గైరో మేలుకునేలా, వేలు తీస్తే ఆగిపోయేలా పెట్టుకోవచ్చు. మలుపు రాగానే వేలు ఎత్తేస్తే సరి. టచ్ అంటే బటన్ని పీకేసి గాజు పెట్టడం కాకుండా ఇదిగో ఇలా, "ఇప్పుడు నేను కావాలనే కదుపుతున్నా" అని మిషన్‌కి చెప్పడానికి వాడితే దానికో అర్థముంది. వీటా వెనకాల టచ్ ప్యాడ్ పెట్టారు, పట్టుకుంటేనే వేళ్ళు దాని మీద పడతాయి, ఏం లాభం.

మర్నాడు గుప్తేశ్వరం గుహ చూసొచ్చాం, అడవి దారి, బాగుంది, ఆ రోజు మాత్రం ఫోన్లు ఎవరమూ తియ్యలేదు. తిరుగు బస్సులో మావాడు గైరో ఆపేసి వేళ్ళతో ఆడాడు, సుంకి రాకుండానే నిద్రపోయాడు.

బంతి గేమ్ అత్త ఫోన్లో ఎక్కించి వచ్చాను. నిన్న ఫోన్ చేసింది, ముప్పయ్యో లెవెల్ దాటిందట. అయితే లాక్‌కి పెట్టిన వేలిముద్ర మాత్రం ఆవిడది పడట్లేదు, ఆడాలన్నప్పుడల్లా మావయ్యని నిద్ర లేపుతోందట.