అంబాసిడర్‌లో చెయ్యి పట్టని చోటు

అంబాసిడర్ బానెట్ ఎత్తితే లోపల మనిషి నిలబడొచ్చు అంటారు. నిజమే, నిలబడొచ్చు. మా మేస్త్రీ బాబాయ్ నిలబడగా నేనే చూశాను. ఈ మాట అన్నవాళ్లు అంతటితో ఊరుకోరు. "ఏ ఊళ్లో ఆగిపోయినా పరవాలేదండీ, పానా సుత్తి ఉంటే సైకిల్ షాపువాడు కూడా బాగుచేసేస్తాడు" అంటారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. వాళ్లలో ఒక్కరు కూడా ఆ ఇంజన్‌కి వెనకవైపు టాపెట్ కవరు అనే రేకు మూత విప్పి ఉండరని పందెం కాస్తాను.

నాది 1986 నాటి మార్క్ 4. పెట్రోలు బండి, మీగడ రంగు, గేరు స్టీరింగ్ కిందే ఉంటుంది. నాన్న తెనాలి స్టేషన్ దగ్గర టాక్సీ తోలేవారు. టాక్సీ మానేశాక సొంతానికని సెకండ్‌హ్యాండ్‌లో కొనుక్కున్న కారు ఇది. ఆయన పోయాక అన్నయ్య వద్దన్నాడు, నేను తెచ్చుకున్నాను. హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పే నాకు దీంతో పనేంటని చుట్టాలందరూ అడిగేశారు. ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి తీసుకెళ్లినప్పుడు అక్కడ కూడా అడుగుతారు.

విషయానికొస్తే, కారు నిలిపిన చోట ఎడమవైపు నూనె మరక పడుతోంది. పాత అంబాసిడర్ కింద నూనె మరక లేకపోతే లోపల నూనే లేదని అర్థం అని ఒక జోకు ఉంది. కానీ ఇది జోకు దాటిపోయింది. కాసేపు నడిపి ఆపితే మాడిన నూనె కంపు. ముందు ఇంజన్‌ని కిరసనాయిలుతో శుభ్రంగా కడిగి, ఆరాక ఆ పక్కంతా మొహానికి రాసుకునే పౌడర్ జల్లాను. కాసేపు స్టార్ట్ చేసి వదిలేస్తే, కారే చోట పౌడర్ తడిసి చార కడుతుంది. చార పట్టుకుని పైకి వెళ్తే అది తిన్నగా మ్యానిఫోల్డ్ వెనక్కి, అంటే ఇంజన్‌కి తగిలించిన గొట్టాల గుత్తి వెనక్కి పోయింది. వెనక టాపెట్ కవరు! ఆ చార చూడగానే అక్కడే ముక్కాలిపీట మీద కూలబడ్డాను.

ఈ ఇంజన్ 1489 సీసీ, బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ల బి సిరీస్. ఇప్పటి కార్లలోలాగా క్యామ్ షాఫ్ట్ నెత్తిమీద ఉండదు, కింద బ్లాకులో ఎడమపక్కన తిరుగుతుంది. అది టాపెట్లను తోస్తే, టాపెట్లు పుష్ రాడ్లను తోస్తే, అవి పైనున్న రాకర్లను ఊపితే అప్పుడు వాల్వులు తెరుచుకుంటాయి. ఆ టాపెట్లు ఉండే గదికి పక్కనుంచి రేకు మూతలు రెండు. ఒక్కో మూతకి నడిమధ్యన ఒకే ఒక్క బోల్టు. మూతకీ బ్లాకుకీ మధ్య కార్క్ ప్యాకింగ్. ముందు మూత చక్కగా ఎదురుగా కనిపిస్తుంది. వెనకది మాత్రం కనపడదు, ఎందుకంటే కార్బరేటర్, పొగ గొట్టాలు అన్నీ ఎడమవైపే, సరిగ్గా దాని మీదే కొలువు తీరి ఉంటాయి. పోనీ కుడివైపు ఖాళీనా అంటే, అక్కడ సెల్ఫ్ మోటారు, డెల్కో (ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు), ఆయిల్ ఫిల్టరు, స్టీరింగ్ రాడ్డు, గేరు లింకులు, అన్నీ ఒకదాని మీద ఒకటి. మనిషి నిలబడేంత ఖాళీ ఎక్కడుందయ్యా అంటే, విప్పాల్సిన సామానేదీ లేని చోట.

ఫ్యాక్టరీ వాళ్లని తిట్టుకుంటూ ఆలోచిస్తే వాళ్ల వైపు నుంచి చూడ్డం కూడా కష్టం కాదు. అంబాసిడర్ తయారైన బెంగాల్‌లోని ఉత్తరపారాలో ఇంజన్ కూర్చినప్పుడు అది స్టాండు మీద ఉంటుంది, చుట్టూ వెలుతురు. ముందు టాపెట్లు, తర్వాత మూత, ఆ తర్వాతే మ్యానిఫోల్డ్. మూత బిగించేవాడికి అది క్షణంలో పని. ముప్ఫై ఏళ్లు దాటాక తెనాలిలో ఒకావిడ ఎండలో దీన్ని విప్పాల్సి వస్తుందని అతనికెందుకు తడుతుంది? అసలు డిజైన్ కూడా ఉత్తరపారాది కాదు, ఇంగ్లండ్‌లో 1956లో వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3ది. అక్కడ ఎంజీఏ, ఎంజీబీ స్పోర్ట్స్ కార్లలో వాడింది ఈ ఇంజన్ కుటుంబాన్నే. ఎంజీబీ పెట్టుకున్నవాళ్లు కూడా ఇదే కవరు పట్టుకుని ఏడుస్తుంటారు. వాళ్లకి కనీసం మన ఎండ లేదు.

మా మేస్త్రీ బాబాయ్ ఇప్పుడు షెడ్డు నడపడం లేదు, మోకాళ్లు సహకరించవు. పిలిస్తే వచ్చి కుర్చీ వేసుకుని కూర్చుని చెప్తారు. చార చూపించగానే, "టీచరమ్మా, దీన్ని ఇంతకుముందు చాలామంది బిగించేశారమ్మా" అన్నారు. అదీ సంగతి. మ్యానిఫోల్డ్ విప్పే ఓపిక లేనివాళ్లు సందులోంచి పానా దూర్చి ఆ ఒక్క బోల్టునే ఇంకాస్త, ఇంకాస్త బిగిస్తూ పోయారు. మధ్యలో ఒకే బోల్టు కాబట్టి ఎంత బిగిస్తే మూత నడిమి భాగం అంత లోపలికి సొట్టపడుతుంది, అంచులు పైకి లేస్తాయి. కారడం తగ్గదు, పెరుగుతుంది. పైగా పక్కనే పొగ గొట్టం వేడి. ఆ వేడికి కార్క్ అప్పడంలా ఎండి విరిగిపోతుంది.

కాబట్టి మ్యానిఫోల్డ్ విప్పాల్సిందే. పై నట్లు కంటికి కనిపిస్తాయి, కింద నట్లు కనిపించవు. వేళ్లతో తడుముకుంటూ ఇది నట్టు, ఇది వాషరు, ఇది వేడికి ఎగిరిపోయిన తుప్పు పెళ్ల అని పోల్చుకోవాలి. ఇక్కడ నాకున్న ఒకే ఒక్క వరం చిన్న చెయ్యి. గాజులు తీసేస్తే బాబాయ్ చెయ్యి దూరని చోట నా చెయ్యి మణికట్టు దాకా దూరుతుంది. కానీ దూరిన చెయ్యికి పానా తిప్పే జాగా ఉండాలిగా! నట్టు కొద్దిగా తిరిగి, పానా తీసి, మళ్లీ గుడ్డిగా దాన్ని నట్టు మీద కూర్చోబెట్టడానికే ప్రాణం పోతుంది. బలంగా లాగితే ఇంకో భయం: నట్టు ఎక్కే తుప్పుపట్టిన మర కడ్డీ, అదే స్టడ్డు, ఇంజన్ పైభాగమైన హెడ్‌లోనే విరిగిందంటే హెడ్ దించి లేత్ షాపుకి మోయాలి. అందుకే ముందు రోజు రాత్రి తుప్పు వదిలే స్ప్రే కొట్టి, పొద్దున మళ్లీ కొట్టి, స్కూలు నుంచి వచ్చాక ఇంకోసారి కొట్టి అప్పుడు ముట్టుకున్నాను.

ఇక పానాల గొడవ వేరు. ఈ కారు మొత్తం అంగుళాల లెక్క. బజార్లో దొరికేవి మిల్లీమీటర్ల సెట్లు. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. 13 పానా పట్టినట్టే ఉంటుంది, గట్టిగా లాగగానే జారి బోల్టు మూలలు గుండ్రంగా చెక్కేస్తుంది. ఎదురుగా ఉన్న బోల్టుకి ఏమైనా ఉపాయం చూడొచ్చు. కంటికి కనపడని బోల్టు మూలలు పోతే ఇక ఎవరికి మొరపెట్టుకోవాలి? విజయవాడ ఆటోనగర్ వెళ్తే అంగుళాల పానాలు పాతవి దొరుకుతాయి. నా సెట్టు అక్కడ ఏరుకున్నదే.

అసలు చెప్పాల్సింది బాబాయ్ పానా గురించి. అర అంగుళం రింగు పానాని సగానికి కోసి, కొలిమిలో ఎర్రగా కాల్చి, మెడ దగ్గర ఒకసారి, మధ్యలో ఇంకోసారి వంచి తయారుచేసుకున్నారు. కాల్చిన చోట నల్లగా ఉంటుంది, పట్టుకునే చోట అరిగి నున్నగా మెరుస్తుంది. బల్ల మీద పెడితే ఎటూ నిలవదు, వంకరటింకరగా దొర్లుతుంది. మ్యానిఫోల్డ్ కింద నుంచి దాన్ని పైకి పంపితే మాత్రం సరిగ్గా వెనక మూత బోల్టు మీద కూర్చుంటుంది, ఇంకెక్కడా పనికిరాదు. ఒక ఊపుకి తిరిగేది ముప్ఫై డిగ్రీలు. గడియారంలో ఐదు నిమిషాల దూరం అన్నమాట. తీసి, పెట్టి, మళ్లీ ఐదు నిమిషాలు.

మ్యానిఫోల్డ్ కిందికి దిగాక మూత ఊడదియ్యడం తేలికే. ఊడిన మూత చూస్తే జాలేసింది, మధ్యలో గుంట పడి పళ్లెంలా ఉంది. పెరట్లో కడప బండ మీద బోర్లించి, చెక్క ముక్క అడ్డం పెట్టి సుత్తితో మెల్లగా తట్టి అంచులు సమం చేశాను. పాత కార్క్‌ని బ్లాకు మీద నుంచి గీకేటప్పుడు తునకలు లోపల పడకుండా టాపెట్ గదిలో గుడ్డ కుక్కాలి. లోపల పడ్డది తిన్నగా ఇంజన్ అడుగున నూనె ఉండే సంపులోకి పోతుంది. బోల్టు వాషరు మాత్రం జారి ఇంజన్ కింద అడ్డంగా ఉండే క్రాస్ మెంబర్ మీద ఎక్కడో నక్కింది. పాత స్పీకరు అయస్కాంతాన్ని కర్రకి కట్టి వెతికితే దొరికింది. వెతుకుతున్నంతసేపూ అమ్మ అరుగు మీద నుంచి, "ఆ డబ్బుతో చక్కగా స్కూటీ కొనుక్కోవే" అంటూనే ఉంది. అమ్మ లెక్క తప్పని నేను అనను.

మిగతా చోట్ల గురించి ఎక్కువ చెప్పను. సెల్ఫ్ మోటారుకి ఒక బోల్టు పైనుంచి అందితే ఇంకోటి కారు కింద పడుకుంటేనే అందుతుంది. స్పీడోమీటరు కేబుల్ కోసం డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి, కాళ్లు సీటు మీదకి ఎత్తి వెల్లకిలా పడుకోవాలి. ఆ భంగిమలో నన్ను మా తొమ్మిదో తరగతి పిల్లలు చూశారు. మర్నాడు క్లాసులో ఎవరూ ఏమీ అనలేదు గానీ ఆ మౌనం నాకు నచ్చలేదు.

కొత్త కార్క్, సమం చేసిన మూత, చేత్తో బిగించాక ఇంకాస్త మాత్రమే, అంతకుమించి వద్దన్నారు బాబాయ్. ఇంజన్ కొన్ని రోజులు వేడెక్కి చల్లారాక కార్క్ అణుగుతుంది, అప్పుడు ఇంకో కొంచెం బిగించాలి. అంటే మ్యానిఫోల్డ్ మళ్లీ బిగించేశాక అన్నమాట! ఆ బిగింపు కూడా వంకర పానాతోనే అయింది. ఇప్పటికైతే కింద పరిచిన అట్టముక్క మీద మరక లేదు. బాబాయ్ తన పానా ఎప్పుడిస్తావమ్మా అని అడుగుతున్నారు. ప్యాకింగ్ ఒక ఎండాకాలం తట్టుకోనివ్వండి, ఇచ్చేస్తాను అన్నాను. ఏ ఎండాకాలమో చెప్పలేదు.